ఐరన్ మాత్రల వల్లేలే మామ్మా

మా ఇంట్లో పసుపు రంగు ఎవరి కంటికీ ఆనదు. ఫిబ్రవరి వచ్చిందంటే సీతంపేట చుట్టూ కొండల మీద పసుపు తవ్వడం, ఉడకబెట్టడం, ఎండబెట్టడం మొదలవుతాయి. సంత రోజు తెల్లారేసరికి కావిళ్ళు, ఆటోలు, బస్సు టాపులు అన్నీ పసుపే. మా తాతయ్య గిరిజన సహకార సంస్థ డిపోలో సేల్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. 1956లో పెట్టిన సంస్థ అది. కొండ మీద వాళ్ళ దగ్గర చింతపండు, అడ్డాకులు, కొండచీపుర్లు, కుంకుడుకాయలు కొంటుంది, వాళ్ళకి కావలసిన సరుకులు అమ్ముతుంది. తాతయ్య రిటైరయ్యి పదేళ్ళు దాటినా ఆయన పాత రైతులు సంతకి దిగితే బస్తాలు మా అరుగు మీదే దించుతారు. ఈ వారం ధర ఎలా ఉండొచ్చో ఆయన్ని అడక్కుండా బజార్లోకి వెళ్ళరు. అరుగు పసుపు, తలుపు గొళ్ళెం పసుపు, తాతయ్య పంచె అంచు పసుపు. మార్చి నాటికి మా వీధి కుక్క కూడా సగం పసుపే.

అందుకని నిరుడు ఫిబ్రవరిలో తాతయ్య కళ్ళు పచ్చబడితే మేమెవరం చూడలేదు.

ఆయనకి అంతకు రెండేళ్ళ ముందు పెద్దపేగులో క్యాన్సర్ అని తేలింది. విశాఖలో ఆపరేషన్ అయింది. కోలుకుని మళ్ళీ అరుగెక్కాడు. ఏడాది తిరక్కుండానే స్కాన్‌లో లివర్ మీద మచ్చలు కనపడ్డాయి. రిపోర్టులో 'మెటాస్టాటిక్' అన్న మాట ఉంది. ఇంట్లో ఇంగ్లీషు మీడియం చదివింది నేనొక్కణ్ణే కాబట్టి రిపోర్టులు చదివే ఉద్యోగం నాది. ఇంటర్‌లో ఉన్నాను అప్పటికి. జేఈఈ కెమిస్ట్రీలో నాకు రాని మాట లేదు గానీ, ఈ మాటని మామ్మకి తెలుగులో ఎలా చెప్పాలో తెలియలేదు.

"పేగులోది లివర్‌కి పాకింది మామ్మా" అన్నాను.

"ఆనపపాదు పందిరి దాటి పక్కోళ్ళ గోడెక్కినట్టా?" అంది.

అంతకన్నా మంచి అనువాదం నాకు ఇప్పటికీ దొరకలేదు. పాదు ఆ గోడే ఎందుకెక్కిందో తర్వాత చదువుకున్నాను. పేగుల నుంచి వచ్చే రక్తం నేరుగా గుండెకి పోదు. పోర్టల్ సిర అనే పెద్ద నాళం గుండా ముందు లివర్‌కి వెళ్తుంది. తిన్నదాంట్లో సారాన్ని లివర్ చూసుకుని, తీసుకోవలసింది తీసుకుని, మిగతాది ఒంటికి పంపిస్తుంది. తాతయ్య భాషలో చెప్పాలంటే అది డిపో. పేగులో గడ్డ నుంచి ఊడిన కణాలకి దారిలో తగిలే మొదటి స్టాపు అదే. అందుకే పెద్దపేగు క్యాన్సర్ పాకితే ఎక్కువగా లివర్‌లోనే దిగుతుంది.

కీమో కొన్ని నెలలు నడిచింది. సంక్రాంతి ముందు ఆయన తట్టుకోలేకపోతున్నాడని ఆపారు. రక్తం తక్కువగా ఉందని ఐరన్ మాత్రలు రాశారు. ఈ మాత్రలు గుర్తుపెట్టుకోండి.

ఇక్కడి నుంచి దొడ్డికి గురించి రాయాలి. కాలేజీ పత్రికలో రాయొచ్చా అని మన ఎడిటర్‌ని అడిగాను. "ప్రేమలేఖలు నలభై వచ్చాయి, నువ్వు ఇదే రాయి" అంది. కాబట్టి రాస్తున్నాను.

ఫిబ్రవరిలో రెండో శనివారం సెలవుకి ఇంటికెళ్ళాను. శనివారం పొద్దున్న మామ్మ నన్ను పెరట్లోకి పిలిచింది. తాతయ్య బాత్రూమ్‌కి ఒక్కడూ వెళ్ళలేడు, కడగడమంతా తనే. గొంతు తగ్గించి చెప్పింది. "ఒరే, ఆయనికి నల్లగా అవుతంది. రెండ్రోజుల్నుంచి. తారులాగ. నీళ్ళు కొడితే పోటం లేదు. వోసన కూడా ఏరేగుంది."

నేను ఫోన్ తీశాను. 'ఐరన్ మాత్రలు, నల్ల విరేచనం' అని కొట్టాను. మొదటి నాలుగు జవాబులూ ఒకటే: ఐరన్ మాత్రలు వేసుకుంటే నల్లగా అవుతుంది, మామూలే, కంగారు పడక్కర్లేదు. నాకు చాలా తృప్తిగా అనిపించింది. సమస్య వచ్చింది, వెతికాను, దొరికింది.

"ఐరన్ మాత్రల వల్లేలే మామ్మా."

"వోసనో?"

"అదీ దానివల్లే."

ఈ రెండో జవాబు ఏ పేజీలోనూ లేదు. నేనే కలిపాను.

ఐరన్ వల్ల అయ్యే నలుపు వేరు. అది కొంచెం ఆకుపచ్చ కలిసిన నలుపు. గట్టిగా ఉంటుంది, జిగట ఉండదు, నీళ్ళు పోస్తే పోతుంది, ప్రత్యేకమైన వాసనేమీ ఉండదు. కడుపులోనో పేగు మొదట్లోనో రక్తం కారి, అది అంత దూరం అరుగుతూ వస్తే అయ్యే నలుపు ఇంకోటి. అది తారులా మెరుస్తుంది, అంటుకుంటుంది, వదలదు, ఒకసారి తెలిస్తే ఎవరూ మర్చిపోలేని వాసన వేస్తుంది. డాక్టర్లు దాన్ని మెలీనా అంటారు. 50 నుంచి 100 మిల్లీలీటర్ల రక్తం చాలు, అంటే ఒక టీ గ్లాసు. మామ్మ పెరట్లో నిలబడి నాకు చెప్పిన నాలుగు ముక్కలూ, తారు, నీళ్ళు, జిగట, వాసన, వైద్య పుస్తకంలో మెలీనా గురించి రాసిన నాలుగు లక్షణాలే. మామ్మ మూడో తరగతి దాకా చదివింది.

ఆ సెమిస్టర్‌లో మాకు ప్రాబబిలిటీ ఉంది. బేయిస్ థీరమ్ మీద పది మార్కుల ప్రశ్నకి నాకు పది వచ్చాయి. ఐరన్ వేసుకునే వాళ్ళలో నలుపు చాలా మామూలు, లోపల రక్తం కారడం దాంతో పోలిస్తే తక్కువ. అక్కడిదాకా నా లెక్క సరైందే. కానీ ఆ థీరమ్‌లో రెండో భాగం ఉంది కదా, కొత్త సాక్ష్యం వస్తే మొదటి అంచనాని మార్చుకోవాలని. సాక్ష్యం నా ఎదురుగా చీపురు పట్టుకుని నిలబడింది. నేను ఫోన్ చూస్తున్నాను.

ఆదివారం రాత్రి తాతయ్యకి కడుపులో నొప్పొచ్చింది. కుడివైపు, పక్కటెముకల కింద. అలలాగా వచ్చి, పట్టి, వదిలి, మళ్ళీ వచ్చేది. ఆయన మాకు చెప్పలేదు. గ్యాస్ మాత్ర వేసుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. అలా పడుకున్నాడంటే నొప్పి అని మామ్మకి తెలుసు. నాకు చెప్పలేదు. పొద్దున్న ఒకసారి చెప్పి చూసింది కదా.

మర్నాడు సంత. నేను సోమవారం క్లాసులు ఎగ్గొట్టి సాయంత్రం బస్సుకి వెళ్దామని ఉండిపోయాను. దోనుబాయి వైపు నుంచి వచ్చే ఒక సవర రైతు ఉన్నాడు, తాతయ్యకి ముప్పై ఏళ్ళ స్నేహితుడు. వాళ్ళిద్దరూ సవర భాషలోనే మాట్లాడుకుంటారు. తాతయ్య డిపోలో చేరిన కొత్తలో తూకం దగ్గర గొడవలు రాకూడదని నేర్చుకున్నాడట. (ప్రతి ఆగస్టు 29న మన క్లబ్బులో గిడుగు రామమూర్తిగారి ఫొటోకి దండ వేస్తాం కదా, వాడుక భాషకోసం పోరాడారని. ఆయన సవరల దగ్గర కూర్చుని వాళ్ళ భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారన్న సంగతి నాకు చెప్పింది తాతయ్య. మన స్పీచుల్లో ఆ ముక్క రాదు.)

ఆ రైతు బస్తా దించి, తాతయ్య ముందు గొంతుక్కూర్చుని ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. తాతయ్య మొహంలోకి చూశాడు. తర్వాత నావైపు తిరిగి తెలుగులో అన్నాడు. "బాబు కళ్ళు సూసినారా? పచ్చగున్నాయి."

"పసుపు పడుంటుంది" అన్నాను. నిజంగా అన్నాను.

ఆయన తన రెండు అరచేతులూ నా ముందు చాపాడు. గోళ్ళ సందులు, గీతలు, అన్నీ పసుపు. తర్వాత వేలితో తన కంటి కింది రెప్ప కిందకి లాగి చూపించాడు. తెల్లగుడ్డు తెల్లగానే ఉంది. జీవితమంతా పసుపులో బతికిన మనిషి అది. పసుపు చేతులకి పడుతుంది, బట్టలకి పడుతుంది, కంటి తెల్లగుడ్డుకి పట్టదు.

మామ్మ పసరు మందు పోయిద్దామంది. కామెర్లకి మా వైపు అదే మొదటి మాట. నేను తాతయ్య కంటి రెప్ప లాగి చూశాను. ఆ పచ్చదనం చూశాక, నలుపు గుర్తొచ్చింది. అప్పుడు మామ్మ రాత్రి నొప్పి సంగతి చెప్పింది. మూడూ కలిపి ఫోన్‌లో కొట్టే ధైర్యం నాకు లేకపోయింది. నాన్నకి ఫోన్ చేశాను. తాతయ్య లేచి నిలబడబోయి అరుగు మీదే ఒరిగిపోయాడు. ఒళ్ళంతా చల్లగా చెమట. 108కి ఫోన్ చేసింది ఎవరో ఇప్పటికీ తెలీదు. సంత రోజు కాబట్టి మనుషులున్నారు.

పాలకొండలో సెలైన్ పెట్టారు, రక్త పరీక్ష చేశారు. హిమోగ్లోబిన్ 5.8. అక్కణ్ణించి శ్రీకాకుళం, అక్కణ్ణించి హైవే మీద విశాఖ. ఆ ప్రయాణం గురించి ఎక్కువ రాయలేను. నాన్న ముందు సీట్లో కాగితాలు సర్దుతూనే ఉన్నాడు. ఆధార్‌లో మాది శ్రీకాకుళం జిల్లా, కొత్త కాగితాల్లో పార్వతీపురం మన్యం జిల్లా, 2022 ఏప్రిల్‌లో జిల్లా మారింది కదా, అది ఎక్కడ అడ్డం పడుతుందోనని ఆయన భయం. అడ్డం పడలేదు. తాతయ్య దారి పొడుగునా నా చెయ్యి పట్టుకుని ఒకే మాట అడిగాడు: "ఆ బస్తా తూకం ఏసినారా?"

విశాఖలో రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరు మాకన్నా ఆరేడేళ్ళు పెద్దుంటారేమో. ఆవిడ నన్ను మూడు ప్రశ్నలడిగారు. నల్లగా అవుతోందా? కుడివైపు నొప్పి వస్తూ పోతూ ఉందా? కళ్ళు ఎప్పటినుంచి పచ్చగా ఉన్నాయి? మూడింటికీ జవాబు చెప్పాక, "లివర్‌లో గడ్డలున్నాయన్నారు కదా" అని తనలో తను అనుకున్నట్టు అని, పైవాళ్ళకి ఫోన్ చేశారు.

ఆ మూడింటికి ఒక పేరుంది. క్విన్‌కే త్రయం. 1871లో క్విన్‌కే అనే జర్మన్ డాక్టరు చెప్పాడు: కుడివైపు కడుపునొప్పి, కామెర్లు, జీర్ణనాళంలో రక్తస్రావం, ఈ మూడూ కలిస్తే రక్తం పైత్యనాళంలోకి కారుతున్నట్టు అనుమానించాలని. ఈ రక్తస్రావాన్ని హీమోబిలియా అంటారు. ఆ పేరు పెట్టింది 1948లో సాండ్‌బ్లోమ్ అనే స్వీడన్ సర్జన్. అంతకు చాలా ముందే, 1654లో, గ్లిసన్ అనే ఇంగ్లీషు డాక్టరు తన లివర్ పుస్తకంలో ఒక కేసు రాశాడు. కత్తియుద్ధంలో కడుపు మీద దెబ్బ తిన్న ఒక కుర్రాడు, పైకి పెద్దగా ఏమీ లేకుండానే లోపల రక్తం పోయి చనిపోయాడు. అంటే మూడు వందల యాభై ఏళ్ళకి పైగా తెలిసిన జబ్బు. అయినా అరుదే. ఇప్పుడు హీమోబిలియా ఎక్కువగా వచ్చేది లివర్ బయాప్సీల వల్ల, పైత్యనాళంలో ట్యూబులు పెట్టడం లాంటి ప్రక్రియల వల్ల. గడ్డల వల్ల రావడం తక్కువ, అందులోనూ వేరేచోటి నుంచి పాకిన గడ్డల వల్ల ఇంకా తక్కువ. మూడు లక్షణాలూ ఒకే మనిషిలో కనపడేది కూడా కొద్దిమందిలోనే.

మా తాతయ్యలో మూడూ కనపడ్డాయి. కాకపోతే ఒక్కొక్కటీ ఒక్కొక్కరికి కనపడింది. నలుపు మామ్మకి, పసుపు దోనుబాయి రైతుకి, నొప్పి తాతయ్యకి. ఈ మూడూ ఒకచోట చేరడానికి మూడు రోజులు పట్టింది. చేర్చవలసిన పని నాది అనుకుంటాను, ఎందుకంటే రిపోర్టులు చదివేవాణ్ణి నేనే కదా.

లోపల జరిగింది ఇది, ఆ డాక్టరుగారు ప్రిస్క్రిప్షన్ కాగితం వెనక బొమ్మ గీసి చెప్పారు. లివర్‌కి రెండు దారుల్లో రక్తం వస్తుంది. ముప్పాతిక వంతు దాకా పోర్టల్ సిర నుంచి, మిగతాది హెపాటిక్ ధమని నుంచి. లివర్ లోపల ఈ రెండింటి కొమ్మలూ, పైత్యం మోసే సన్నటి నాళాలూ పక్కపక్కనే, ఒకే తొడుగులో కలిసి వెళ్తాయి. ఆ తొడుగుకి గ్లిసన్ పేరే ఉంది, పైన చెప్పిన గ్లిసనే. గడ్డ పెరుగుతూ ఒక చిన్న ధమని గోడనీ, పక్కనున్న పైత్యనాళం గోడనీ తినేసింది. ధమనిలో ఒత్తిడి ఎక్కువ, నాళంలో తక్కువ. రక్తం నాళంలోకి కారింది, అక్కణ్ణించి పేగులోకి దిగింది. అది నలుపు. నాళంలోనే కొంత గడ్డకట్టి అడ్డం పడింది, ఆ అడ్డాన్ని తోయడానికి నాళం బిగుసుకుంటే అలలాంటి నొప్పి. పైత్యం కిందికి దిగలేక రక్తంలోకి ఎక్కితే పచ్చ కళ్ళు. ఒక్క కన్నం, మూడు లక్షణాలు.

సీఎస్ఈ వాళ్ళ కోసం ఒక్క మాట. ఇందులో ఒక లూప్ ఉంది. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్రోటీన్లలో ఎక్కువభాగం తయారుచేసేది లివరే. వాటిలో కొన్నిటికి విటమిన్ కె కావాలి. విటమిన్ కె కొవ్వులో కరిగే రకం, పేగులో పైత్యం ఉంటేనే సరిగ్గా ఒంటికి పడుతుంది. పైత్యం దారి మూసుకుపోయి రోజులు గడిస్తే విటమిన్ కె తగ్గుతుంది, గడ్డకట్టే శక్తి తగ్గుతుంది, రక్తం ఇంకా కారుతుంది, ఇంకా గడ్డలు అడ్డం పడతాయి. ఎగ్జిట్ కండిషన్ లేని లూప్. బయటినుంచి ఎవరో బ్రేక్ చెయ్యాలి. అందుకే ముందు విటమిన్ కె ఇంజెక్షన్, ప్లాస్మా, రక్తం. (విటమిన్లకి ఎ, బి, సి, డి, ఇ తర్వాత ఒక్కసారి కె ఎందుకొచ్చిందని నాకు ఎప్పుడూ డౌటు. కనిపెట్టిన హెన్రిక్ డామ్ డెన్మార్క్ ఆయన. గడ్డకట్టడాన్ని ఆ వైపు భాషల్లో కె అక్షరంతో రాస్తారు. ఆ కె ఇది. 1943 నోబెల్‌లో ఆయనకి వాటా ఉంది.)

రక్తం నాలుగు యూనిట్లు కావాలన్నారు, బదులుగా దాతల్ని తెమ్మన్నారు. రాత్రి పదకొండు అయింది. హాస్టల్ గ్రూపులో మెసేజ్ పెట్టాను. నలుగురు వస్తారనుకుంటే తొమ్మిదిమంది ఆటోల్లో దిగారు. ఒకడు 43 కేజీలున్నాడని వెనక్కి పంపారు, 45 ఉండాలి. ఇంకొకడికి నెల క్రితం వేయించుకున్న టాటూ ఉందని వద్దన్నారు. ఆ టాటూ అమ్మాయి పేరు, ఆ అమ్మాయితో అప్పటికే బ్రేకప్. వాడు బ్లడ్ బ్యాంక్ బయట మెట్ల మీద కూర్చుని ఆ పేరుని తిట్టుకోవడం చూసి, ఆ రాత్రి నేను మొదటిసారి నవ్వాను. నాకు పద్దెనిమిది నిండి నాలుగు నెలలైంది. నేనూ ఇచ్చాను. 350 మిల్లీలీటర్లు. మీ అందరూ ఈ పేజీ చదువుతారని తెలుసు, పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయట్లేదు.

తెల్లవారి స్కాన్‌లో కన్నం ఎక్కడుందో కనపడింది. ఆపరేషన్ చేసేంత ఓపిక ఆయన ఒంట్లో లేదు. తొడ దగ్గర ధమనిలోంచి సన్నటి ట్యూబు పంపించి, లివర్ ధమని కొమ్మ దాకా తీసుకెళ్ళి, కారుతున్న ఆ ఒక్క కొమ్మలో లోహపు తీగచుట్టలు దింపి మూసేస్తామన్నారు. ఎంబొలైజేషన్ అంటారు. ధమని మూసేస్తే లివర్ చచ్చిపోదా అని అడిగాను. ఇక్కడే రెండు దారులుండటం పనికొస్తుందట. మంచి లివర్ ఎక్కువగా పోర్టల్ సిర మీద బతుకుతుంది, గడ్డలు ఎక్కువగా ధమని మీద బతుకుతాయి. ధమని కొమ్మ మూస్తే రక్తం ఆగుతుంది, మంచి భాగం రెండో దారిలో తట్టుకుంటుంది. కామెర్లు మరీ ముదిరిపోయినా, పోర్టల్ సిర మూసుకుపోయినా ఇది చెయ్యడం ప్రమాదం. తాతయ్యకి ఆ రెండూ లేవు. గంటన్నర పట్టింది. రక్తం ఆగింది.

"మీరు ఇంకో రోజు ఆగుంటే ఇది చేసే పరిస్థితి ఉండేది కాదేమో" అన్నారు ఆ డాక్టరుగారు. మంచిమాటగానే చెప్పారు, తొందరగా తెచ్చారని మెచ్చుకుంటూ. నాకు శనివారం పొద్దున్న గుర్తొచ్చింది. శనివారానికీ సోమవారానికీ మధ్య ఎంత రక్తం పోయిందో ఏ రిపోర్టులోనూ ఉండదు.

మామ్మకి ఈ సంగతి చెప్పడానికి వరండాలో పక్కన కూర్చున్నాను. "నువ్వు చెప్పింది నిజం మామ్మా. ఐరన్ మాత్రలు కాదు. నేనే తప్పు చెప్పాను" అన్నాను. మామ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నాను గట్టిగా సెప్పాల్సింది. సదూకున్నోడివని ఊరుకున్నాను" అంది. తిట్టుంటే బాగుండేది.

మూడో రోజు వార్డులోకి మార్చారు. ఆ రాత్రి నేను తోడున్నాను. తాతయ్య నిద్రపోకుండా అక్కినేని గురించి మొదలెట్టాడు. ఆయన నాగేశ్వర్రావు వీరాభిమాని. 2013 అక్టోబర్‌లో అక్కినేని విలేకర్లని పిలిచి తనకి క్యాన్సరని తనే చెప్పాడు. మర్నాడు పేపర్లో అది చదివి తాతయ్య డిపోలో అందరికీ చూపించాడట. "దాచలేదురా. తనే సెప్పినాడు." మరుసటి జనవరి 22న ఆయన పోయాడు. కాసేపు ఆగి, "మరి నాకు ఎవులూ సెప్పరేటి?" అన్నాడు.

మేం ఆయనకి 'లివర్‌లో కాస్త ఇన్ఫెక్షన్' అని చెప్పి ఉంచాం. ఏడాదిగా. రిపోర్టు చదివింది నేను, ఆ మాట తయారుచేసింది కూడా నేను.

"తాతయ్యా, రక్తం ఆగింది. రోగం ఆగలేదు" అన్నాను.

"ఎన్నాళ్ళంట?"

"నెలలు అన్నారు. ఎన్నో చెప్పలేదు."

తలూపాడు. "స్టాకు ఎంతుందో తెలిస్తే కదా పంపకం సేసేది" అన్నాడు. అదే గొంతుతో, డిపో లెక్కలు చెప్పినట్టు. తర్వాత హాయిగా నిద్రపోయాడు. నాకే పట్టలేదు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు ఏమేం కనిపెట్టుకుని ఉండాలో చెప్పారు. మళ్ళీ అక్కడే కారొచ్చు. లేదా లివర్ పైపొరకి దగ్గరున్న గడ్డ చిట్లి, రక్తం కడుపు ఖాళీలోకి పోవచ్చు. లివర్‌లోనే పుట్టిన క్యాన్సర్‌లో అది ఎక్కువ, పాకిన గడ్డల్లో అరుదు, కానీ ఉంది. అప్పుడు బయట ఒక్క చుక్క కూడా కనపడదు. కడుపు ఒక్కసారి ఉబ్బి గట్టిపడుతుంది, మనిషి తెల్లగా పాలిపోతాడు, ఒక్కోసారి నొప్పి కడుపులో కాకుండా కుడి భుజంలో తెలుస్తుంది, ఎందుకంటే రక్తం పైనున్న డయాఫ్రమ్‌ని గుచ్చుతుంది, దాని నరమూ భుజం నరమూ మెడలో ఒకేచోట మొదలవుతాయి. అడక్కుండా నొప్పి మాత్రలు కొనెయ్యొద్దు, వాటిలో కొన్ని రక్తస్రావాన్ని పెంచుతాయి. ఇవన్నీ ఆవిడ నాకు సగం ఇంగ్లీషులో చెప్పారు. డిశ్చార్జి కాగితం మొత్తం ఇంగ్లీషే.

సీతంపేట వచ్చాక ఒక తెల్లకాగితం మీద తెలుగులో రాశాను. తెలుగులో అంత పొడుగు రాయడం నాకు పదో తరగతి తర్వాత అదే మొదలు, ఒత్తులు ఎక్కడ పెట్టాలో అమ్మని అడుగుతూ రాశాను. మామ్మ పక్కన కూర్చుని దిద్దింది. నేను 'నల్లటి విరేచనం' అని రాస్తే, "ఏ నలుపో రాయి" అంది. అందుకని: 'తారులా నల్లగా, జిగటగా, నీళ్ళకి పోకుండా, వాసన వేస్తే – వెంటనే. గట్టిగా ఉండి నీళ్ళకి పోతే – మాత్రల వల్ల.' 'కళ్ళు పచ్చగా' అని రాస్తే, "సేతులు సూడొద్దు, తెల్లగుడ్డు సూడాలని రాయి" అంది. భుజం నొప్పి సంగతి రాశాను. కింద నాన్న నంబరు, 108. బీరువా తలుపుకి అంటించాం. తాతయ్య మంచం మీద నుంచి చదివి, "ఆ దోనుబాయోడి పేరు కూడా రాయండ్రా" అన్నాడు. నవ్వాం గానీ రాయలేదు. రాయాల్సింది.

ఆయన ఇంకో అయిదు నెలలు ఉన్నాడు. నాలుగు నెలలు బాగానే. స్టాకు పంపకం అన్నాడు కదా, చేశాడు. డిపోలో తోటివాళ్ళకి ఇవ్వాల్సిన చిన్న బాకీలు, మామ్మ పేరు మీద పాస్‌బుక్కు, నాకు తన పాత కాటా. మెట్టుగూడ జలపాతం చూసి చాలా ఏళ్ళయిందంటే మే నెలలో ఆటోలో తీసుకెళ్ళాం, ఎండలకి నీళ్ళు సన్నగా ఉన్నాయి, అయినా గంట కూర్చున్నాడు. జులైలో, అనాస పండ్లు అరుగు మీదకి దిగే రోజుల్లో, నిద్రలోనే పోయాడు. లివర్ మెల్లిగా పని మానేసింది. రక్తం మళ్ళీ కారలేదు. దోనుబాయి రైతు వచ్చి, అరుగు మీద తాతయ్య కూర్చునే చోట ఒక అనాసపండు పెట్టి, సవర భాషలో ఏదో అన్నాడు. తర్జుమా చేసి చెప్పే మనిషి లేడు.

కాగితం ఇంకా బీరువా మీదే ఉంది. మొన్న మార్చిలో ఇంటర్నల్స్ మధ్యలో మామ్మ ఫోన్ చేసింది.

"పక్కింటాయనికి ఐరన్ మాత్రలు ఇచ్చినారంట. నల్లగా అవుతందని బయపడి మనింటికొచ్చినాడు. ఏటి సెప్పమంటావ్?"

"నీళ్ళు పోస్తే పోతోందా అని అడుగు మామ్మా."

"అడిగినాను. పోతాదంట. జిగట లేదంట. కళ్ళు కూడా సూసినాను, తెల్లగానే ఉన్నాయి."

"అయితే ఐరన్ మాత్రల వల్లేలే మామ్మా."

"నానూ అదే సెప్పినాను" అని పెట్టేసింది.